యంత్రం వేసిన చీటీ

లెక్కలన్నిటికీ ముందున్నవాడా, లెక్కించే మనసును మట్టిలోంచి తీసినవాడా, నీకు స్తోత్రం. మా రేవులో ఇసుక ఎంతో నీకు తెలుసు. మా తలలు ఎప్పుడు నెరిశాయో, ఎందుకు నెరిశాయో కూడా తెలుసు. సంఖ్యల మీద ప్రేమను చిన్నతనంలోనే నాలో పెట్టావు. అది చేసిన మేలుకు నీకు వందనం. అది చేసిన గాయంతో కూడా నీ దగ్గరికే వస్తున్నాను, వెళ్లడానికి నాకు వేరే చోటు లేదు. ఈ పేజీల్లో నా నోటి చేదు ఎక్కువైతే నువ్వే కడుగు. అబద్ధం రాయబోతే నా చేతిని ఆపు.

నేను గణితం చదువుకుని, కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెప్పి బతికినదాన్ని. మా ఊరు ముక్తేశ్వరానికి కాస్త ఇవతల, కాలువ గట్టును ఆనుకుని ఉంటుంది. మా నాన్న రేవులో పంటు మీద పనిచేసేవారు. గోదావరి దాటే మోటారు సైకిళ్లను, మేకలను, పెళ్లివారిని పంటు మీద సర్ది నిలబెట్టడం ఆయన పని. ఆరు రోజులు అరిచి బొంగురుపోయిన గొంతుతో ఆదివారం మందిరానికి వచ్చేవారు. ఇప్పుడాయన బాగా పెద్దవారయ్యారు. రెండేళ్లుగా ప్రభువు బల్ల దగ్గర ఆయన రొట్టె తీసుకోవడం లేదు. ఆయన కళ్లు మూసేలోగా మళ్లీ ఆ రొట్టె ఆయన నోటికి అందాలి. నేనీ రాత రాయడం అందుకోసమే.

మా మందిరంలో పాస్టరుగారు ఉండరు. పెద్దలు ఉంటారు. ఆదివారం ఉదయం మగవాళ్లు ఒక వైపు చాపల మీద, ఆడవాళ్లం ముసుగులు వేసుకుని రెండో వైపు కూర్చుంటాం. మధ్యలో చిన్న బల్ల, దాని మీద తెల్లగుడ్డ, పళ్లెంలో రొట్టె, గిన్నెలో ద్రాక్షరసం. ఆత్మ ప్రేరేపిస్తే ఏ సహోదరుడైనా లేచి ప్రార్థన చేయవచ్చు, పాట నెంబరు చెప్పవచ్చు. సంఘం కూడినప్పుడు స్త్రీలు పాడతారు, మాట్లాడరు. ఆ కట్టడిని నేను ఈ రోజు వరకు మీరలేదు.

నాన్నకు చదవడం రాదు. అంకెలు మాత్రం వచ్చు. ఏళ్ల తరబడి వినివిని కంఠతా పట్టిన పాట ఒకటుంది ఆయనకు. రొట్టె విరవబోయే ముందు ప్రతి ఆదివారం లేచి ఆ నెంబరే చెప్పేవారు: నూట నలభై. ఊళ్లో ఆయన అసలు పేరు సగం మందికి తెలియదు. టీ కొట్టు దగ్గర, "నూట నలభై గారొచ్చేరు, టీ పొయ్యవోయ్" అనేవారు.

"పుస్తకంలో ఇంకో పాటే లేదాండీ?" అని ఎవరో ఆటపట్టిస్తే, "బోల్డున్నాయండీ. అయ్యన్నీ మీరు పాడండి. నాకిది చాలు" అని నవ్వేవారు.

కొన్నాళ్లకు ఆ నెంబరు గోడగడియారం చప్పుడులా అయిపోయింది. అందరికీ వినబడుతుంది, ఎవరూ వినరు.

నన్ను గణితంలోకి లాగింది మా మందిరంలో వేసే చీటీ. మా సంఘంలో ఏదైనా తేలకపోతే చీటీ వేసేవారు. ఈ నెల ప్రార్థన కూడిక ఎవరింట్లో, కొత్త చాపలు ఎవరు కొనాలి, అలాంటివి. పేర్లు రాసి మడిచి శుభ్రంగా కడిగిన కొబ్బరి చిప్పలో వేసి, ఒక పెద్దాయన ప్రార్థన చేసి, కళ్లు మూసుకుని ఒకటి తీసేవారు. ఆ క్షణంలో మందిరమంతా ఊపిరి బిగపట్టేది. చీటీ చేతికి తగలడంలో దేవుడి వేలు ఎక్కడుంటుంది? కాగితం మడతలోనా, తీసే చేతిలోనా, చిప్ప ఊపిన ఊపులోనా? అమ్మను అడిగితే, "నోరు మూసుకుని ప్రార్థన చెయ్యి" అంది. నేను ప్రార్థన చేశాను. ప్రశ్న మాత్రం పోలేదు.

అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు మా లెక్కల మాస్టారు నాణెం ఎగరేసి చూపించి, "ఇది ఎలా పడాలో చెయ్యి వదిలినప్పుడే తేలిపోయింది. తెలియంది మనకే" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు కొబ్బరి చిప్ప కనబడింది.

తర్వాత నగరంలో విశ్వవిద్యాలయం. అక్కడే మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇష్టమొచ్చిన సంఖ్యలు ఇవ్వమని యంత్రాన్ని అడిగితే గలగలా ఇచ్చింది. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. నేను మురిసిపోతుంటే పక్కనున్న సీనియర్ ఒకాయన దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అవే సంఖ్యలు, అదే వరసలో. యంత్రానికి చీటీ వేయడం రాదు, వేసినట్టు నటిస్తుందంతే. ముందు దానికొక సంఖ్య ఇవ్వాలి. దాన్ని మేం విత్తనం అంటాం. ఆ విత్తనాన్ని తిప్పి, కోసి, కలిపి మిగతా పంటంతా తీస్తుంది. అదే విత్తనం వేస్తే ఎప్పుడూ అదే పంట. ఆ రోజు నాకు భయం వేసింది. ఆనందం కూడా కలిగింది. హాస్టల్ గదిలో మోకాళ్లూని దేవుడికి కృతజ్ఞత చెప్పాను.

నా పరిశోధనంతా ఆ నటన గురించే. యంత్రం ఇచ్చిన సంఖ్యలు కొన్ని చూసి తర్వాతి సంఖ్యను ఎవరైనా పసిగట్టగలరా, పసిగట్టలేరని ఎప్పుడు నిక్కచ్చిగా చెప్పగలం? దాని మీద నేనొక చిన్న సిద్ధాంతం రుజువు చేశాను. దాన్ని ఒక సభలో చెప్పమన్నారు. పెద్ద హాలు. చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాను. ముందు వరసలో ముసలి ప్రొఫెసరొకాయన చెయ్యెత్తి, "ఆ మూడో మెట్టు ఎందుకు నిలబడుతుంది?" అని అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు బోర్డు వైపు చూసి, తలాడించి, పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. నా మాటను అంత శ్రద్ధగా విన్న గది నా జీవితంలో మరొకటి లేదు.

అమ్మకు జబ్బు చేసిందని తిరిగొచ్చాను. అమ్మ దక్కలేదు. నేను మాత్రం ఇక్కడే ఉండిపోయాను. సంబంధాలు కొన్ని వచ్చాయి. నా చదువు ఎంతో విని, టీ తాగి వెళ్లిపోయాయి. అమలాపురం దగ్గరొక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. ఒకసారి నా వ్యాసం అచ్చయిన పత్రిక పట్టుకుని కరస్పాండెంటుగారి గదిలోకి వెళ్లాను. ఆయన దాన్ని తిరగేసి, బొమ్మలేమైనా ఉన్నాయేమోనని చూశారు.

"బావుందండి మేడమ్. కానీ ప్రూఫులు ఎవడిక్కావాలండీ? ప్లేస్‌మెంట్లు కావాలి. అన్నట్టు ఈ వేసంకాలం కాట్రేనికోన వైపు మీకు వేసేం, చూసుకోండి."

వేశామంటే పాఠాలు కావు. ఎండలో ఇంటింటికీ తిరిగి కరపత్రాలిచ్చి, మీ అబ్బాయిని మా కాలేజీలో చేర్చండి అని అడగడం. రొయ్యల చెరువుల గట్ల మీద ఆ కరపత్రాలు పట్టుకుని నేను చాలా వేసవులు నడిచాను. ఈ మధ్య మా డిపార్టుమెంటు పేరు మార్చి కృత్రిమ మేధ అని బోర్డు పెట్టారు. బోర్డు వెనక ఉన్నది మేమే. గణితం గంటలు తగ్గించారు.

అయినా పాఠం చెప్పేటప్పుడు నేను సంతోషంగానే ఉన్నాను. నా విద్యార్థుల్లో మా సంఘం కుర్రాడే ఒకడుండేవాడు. కాలువ అవతలి పేట వాడు, వాళ్ల నాన్న సంఘ పెద్దల్లో ఒకరు. నేను చెప్పిన వాళ్లందరిలో చురుకైనవాడు వాడే. "ఎవరు చెప్పినా నమ్మకండి, నడిపి చూడండి" అని నేను క్లాసులో అంటే, నిజంగా నడిపి చూసి నా తప్పులు పట్టుకునేవాడు. హైదరాబాదులో మంచి ఉద్యోగం వచ్చిందని మొదట నాకే ఫోన్ చేశాడు.

రెండేళ్ల కిందట మా సంఘంలో అందరికన్నా పెద్దవారైన పెద్దాయన ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆ స్థానానికి నాలుగు పేర్లు వచ్చాయి. కాలువ ఇవతలి పేట నుంచి ఇద్దరు, అవతలి పేట నుంచి ఇద్దరు. ఇవతలివాళ్లలో ఒకరు మా నాన్న. చదువు రాదు, నాకెందుకని ఆయన తప్పుకోబోయారు, మిగతావాళ్లు ఒప్పుకోలేదు. అవతలి ఇద్దరిలో ఒకరు ఆ కుర్రాడి పినతండ్రి. చీటీ వేద్దామంటే పాత గొడవ లేచింది. అంతకు ముందు మందిరం రేకుల పని ఎవరు చూడాలని వేసిన చీటీ ఐసులో పెట్టిన చీటీ అనీ, చల్లగా తగిలిందాన్ని చూసుకుని తీశారనీ ఒక పుకారుంది. అది నిజమో కాదో దేవుడికి తెలుసు. కొబ్బరి చిప్ప మీద నమ్మకం మాత్రం పోయింది.

అప్పుడు మిగిలిన పెద్దల్లో అందరికన్నా వయసైన సహోదరుడు మా ఇంటికొచ్చారు. నన్ను వాక్యంలో పెంచినవారాయన. వందనాలు అయ్యాక అరుగు మీద కూర్చుని అడిగారు.

"అమ్మా, మీ కంప్యూటరుకి పేటుందా?"

"లేదండీ."

"కులం?"

"అదీ లేదండీ."

"చుట్టరికం?"

"ఎవరితోనూ లేదండీ."

"ఇంకేం? ఈసారి చీటీ అదేస్తుంది. ఎవడి నోరు లేస్తదో చూద్దాం."

నేను విత్తనం సంగతి ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను. విత్తనం ముందే తెలిస్తే వచ్చే పేరు కూడా ముందే తెలిసిపోతుందని, అందుకని దాన్ని ఏ ఒక్కరి చేతిలోనూ పెట్టకూడదని చెప్పాను. పేర్లు వచ్చిన నలుగురూ తలో సంఖ్య కాగితం మీద రాసి మడిచి తేవాలి. అందరి ముందు విప్పి, నాలుగూ కూడాలి. వచ్చిన మొత్తమే విత్తనం. పక్కవాడు ఏం రాశాడో తెలియదు గనుక, ఎంత తెలివైనవాడికైనా మొత్తం తెలియదు.

"ఆయ్, బావుందమ్మా. నలుగురి చెయ్యీ ఉంటది, ఏ చెయ్యీ ఉండదు" అన్నారాయన. ఇన్నేళ్ల నా చదువును ఒక్క మాటలో చెప్పారనిపించి, ఆయన వెళ్లాక లోపలికెళ్లి ఏడ్చాను.

విత్తనం వేస్తే నలుగురిలో ఒక పేరు చూపించే ప్రోగ్రాము రాశాను. దాచిన యంత్రాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. అందుకే వారం ముందే దాన్ని మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎవరికి కావాలంటే వాళ్లు ఏ సంఖ్యయినా వేసి చూసుకోవచ్చు. మందిరంలో లాప్‌టాప్ దగ్గర కూర్చోవడానికి నేను పనికిరాను గనుక మా తమ్ముడికి నేర్పాను. వాడికి మెకానిక్ షెడ్డు ఉంది. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పగలడు గాని, తెర ముందు కూర్చోపెడితే చెమటలు పడతాయి.

ఆ ఆదివారం ఉపవాసంతో కూడాం. నాలుగు మడతల కాగితాలు బల్ల పక్కన ఉన్నాయి. తెల్లగోడ మీద తెర వెలుగు పడుతోంది. ఆ సహోదరుడు ప్రార్థన చేశారు. చేస్తూ చేస్తూ మధ్యలో ఆపేశారు. కళ్లు తుడుచుకుని అన్నారు:

"సహోదరులారా, ప్రార్థనలో నాకొకటి తట్టిందండీ. మనుషులు ఇళ్లల్లో కూర్చుని రాసిన అంకెలు మనకెందుకండీ? ఇప్పుడు ప్రభువు బల్ల దగ్గర ఆత్మ ఏ పాట ఇస్తాడో, ఆ పాట నెంబరే వేద్దాం. ఏమంటారు?"

మందిరమంతా "ఆమెన్" అంది. అవతలి పేటవాళ్లూ అన్నారు. అందరి ముఖాల్లోనూ ఆనందం.

నేను ముసుగు కింద కూర్చున్నాను. ఏం జరగబోతోందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. రొట్టె విరిచే ముందు ఏ నెంబరు వస్తుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు, కానీ ఆ క్షణంలో అది ఎవరికీ గుర్తు లేదు. ఆ నెంబరుకు ఏ పేరు వస్తుందో నాకు తెలియదు, కానీ అందరికీ ముందే తెలిసిన విత్తనం విత్తనం కాదు. నేను తమ్ముడి వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపాను. వాడు కళ్లెగరేశాడు. కాగితాల వైపు చూపించాను. ప్రసంగం అయ్యాక చెప్పు అన్నట్టు వాడు సైగ చేశాడు. నా పక్కనున్న ఆవిడ, "కదలకమ్మా, బల్ల దగ్గరున్నాం" అని నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. లేచి ఒక్క వాక్యం చెబితే చాలు. వందల మందికి పాఠం చెప్పే నోరు నాది. లేవలేదు. నేను లోబడింది దేవుడికేనని ఆ రోజు అనుకున్నాను, ఇప్పటికీ అనుకోవడానికే ప్రయత్నిస్తున్నాను.

నాన్న లేచారు. "నూట నలభై" అన్నారు.

పాడారు. తమ్ముడు ఆ నెంబరు వేశాడు. గోడ మీద మా నాన్న పేరు వచ్చింది.

తర్వాత నేను నాన్నను అడిగాను, లేచేముందు ఏమీ అనిపించలేదా అని. "ఏం అనిపించాలమ్మా? ఆ పాట పాడకపోతే రొట్టె గొంతు దిగదు నాకు" అన్నారు.

ఆ మధ్యాహ్నం అవతలి పేటలో, సెలవుకొచ్చిన నా విద్యార్థి తన ఇంట్లో ప్రోగ్రాము తెరిచాడు. నూట నలభై వేశాడు. మా నాన్న పేరే. మళ్లీ వేశాడు, మళ్లీ అదే. వారం కిందట గ్రూపులో పెట్టింది ఇదే ప్రోగ్రాము గనుక, వారం కిందట వేసినా ఇదే పేరు వచ్చేదని గ్రూపులో రాశాడు. అంతే రాశాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సాయంత్రానికి సంఘం రెండుగా చీలింది. నూట నలభైకి తండ్రి పేరు వస్తుందని ముందే కూతురు చూసి పెట్టిందని, పెద్దాయన చేత విత్తనం మార్పించింది కూడా వాళ్లేనని మాట్లాడుకున్నారు. చదవడం రాని మనిషి కంప్యూటరుతో దేవుణ్ణి మోసం చేశాడన్నారు.

మర్నాడు కాలువ వంతెన మీద వాడు ఎదురయ్యాడు. బండి ఆపి దిగాడు.

"వందనాలండి మేడమ్."

"నువ్వు రాసింది నిజమే" అన్నాను.

"మీరు ముందే చూసేరని నేనన్లేదండీ. చూడ్డానికి వీలుంది అన్నానంతే."

"ఆ రెంటికీ తేడా మీ పేటలో ఎంతమందికి తెలుసురా?"

వాడు తల దించుకున్నాడు. "మీరే చెప్పేరు కదండీ క్లాసులో. తాళం పగలగొట్టడానికి వీలుంటే పగిలినట్టే లెక్క అని."

చెప్పాను. వాడి నోట్లో నా పాఠమే ఉంది. వాడు బాగా చదువుకున్నాడని నాకు ఆ క్షణంలో కూడా గర్వంగానే అనిపించింది, దానికి నన్ను నేను తిట్టుకున్నాను.

శనివారం మందిరంలో విచారణ పెట్టారు. నన్నూ రమ్మన్నారు. నేను మాట్లాడకూడదు గనుక తమ్ముడి చెవిలో చెప్పాలి, వాడు పైకి చెప్పాలి.

"ముందే చూసిందా లేదా, అది చెప్పమనండి" అన్నారు ఆ కుర్రాడి నాన్నగారు.

నేను చూడలేదని తమ్ముడికి చెప్పాను. విత్తనం నలుగురి సంఖ్యల మొత్తం అనుకున్నాం గనుక ఏ ఒక్క నెంబరూ వేసి చూడాల్సిన పనే లేదని చెప్పాను.

తమ్ముడు గొంతు సవరించుకుని, "చూడాల్సిన పని లేదంటండీ" అన్నాడు.

"పని లేదంటే? చూడకుండానే తెలుసనా?"

ఎవరో నవ్వారు. తమ్ముడి మెడ వెనక చెమట. మళ్లీ చెప్పాను. మెట్టు మెట్టుగా చెప్పాను. వాడు మొదటి మెట్టూ చివరి మెట్టూ చెప్పి మధ్యవి వదిలేశాడు. లోకంలో నేను బాగా ఎరిగినది ఇదొక్కటే, దాన్ని బోల్టులు బిగించే వాడి నోటితో చెప్పించాల్సి వచ్చింది. వాడి తప్పు కాదు. బండిలోంచి దింపిన ఇంజన్ గురించి నన్ను చెప్పమంటే నేనూ అలాగే చెబుతాను.

ఒక మాట మాత్రం తమ్ముడు సరిగ్గా చేరవేశాడు. "చూడలేదని రుజువు ఏముంది?" అని అడిగినప్పుడు, "లేదండీ. చూడని దానికి రుజువుండదంట" అన్నాడు. నిజం. లోకంలో ఫలానా సంఖ్య లేదని నేను రుజువు చేయగలను. నా కళ్లు ఒక తెరను చూడలేదని రుజువు చేసే సిద్ధాంతం ఏదీ లేదు.

లోపల మమ్మల్ని నమ్మినా, పైకి న్యాయంగా ఉండాలనుకున్నారో ఏమో, వయసైన ఆ సహోదరుడు నా వైపు చూడకుండా అడిగారు: "ఒక్కటి చెప్పమనవయ్యా మీ అక్కగార్ని. ఆ పేరు తెచ్చింది దేవుడా, నెంబరా?"

ఆ ప్రశ్న నేను చిన్నప్పుడు కొబ్బరి చిప్పను చూస్తూ అడిగిందే. జీవితమంతా దాని మీదే పనిచేశాను. తమ్ముడి చెవిలో ఇలా చెప్పాను: చిప్పలో చీటీ కూడా చెయ్యి ఊపిన ఊపును బట్టే పడుతుంది. ఊపూ దేవుడిదే, నెంబరూ దేవుడిదే. మనకు తెలియని చోట మాత్రమే ఆయన పనిచేస్తాడని అనుకోవడం ఆయన్ని చిన్నబుచ్చడం.

తమ్ముడు కాసేపు ఆలోచించాడు. "రెండూ ఒకటేనంటండీ" అన్నాడు.

"విన్నారాండీ? దేవుడూ నెంబరూ ఒకటేనంట!"

తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. నాన్న మూల కూర్చుని అరచేతులు చూసుకుంటున్నారు. గోల తగ్గాక తీర్పు చెప్పారు. చీటీ చెల్లదు. విషయం తేలేవరకు మా నాన్నకు బల్ల ఆపాలి, రొట్టె, గిన్నె ఆయనకు అందకూడదు. మా సంఘంలో దొంగతనానికి, వ్యభిచారానికి వేసే శిక్ష అది.

నాన్న లేచి, "అలాగేనండీ" అన్నారు. ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుంటూ, "నువ్వు భోంచెయ్యమ్మా" అన్నారు.

అప్పటి నుంచి ఆయన మందిరానికి వెళ్లడం మానలేదు. వెనక చాప మీద కూర్చునేవారు. రొట్టె పళ్లెం చేతులు మారుతూ వచ్చి, ఆయన ముందున్న వరసలో తిరిగి వెళ్లిపోయేది. పెద్దల స్థానానికి చేతులెత్తించి, అవతలి పేట సహోదరుణ్ణి పెట్టారు. ఆయన మంచివారే. సంఘం పని బాగానే నడుస్తోంది. మా ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లు వందనాలు చెబుతున్నారు, కొబ్బరి బొండాలు పంచుకుంటున్నారు. నా విద్యార్థి పండగలకు ఫోన్ చేస్తున్నాడు. విషయం తేల్చడానికి మళ్లీ ఎవరూ కూర్చోలేదు. మర్చిపోయారు. నాకు కోపం తెప్పించేది ఇదే. శిక్ష వేయడానికి ఒక శనివారం ఖాళీ చేసుకున్నవారికి, దాన్ని తేల్చడానికి ఒక్క పూట దొరకలేదు.

ఏడాది తిరిగాక వయసైన ఆ సహోదరుడు మళ్లీ మా అరుగు మీదకు వచ్చారు. ఆయన కర్ర పట్టారు అప్పటికి.

"ఇంక చాల్లెండి. వచ్చే ఆదివారం నుంచి ముందుకొచ్చి కూర్చుని బల్ల తీసుకోండి. అందరం అనుకున్నాం" అన్నారు.

నాన్న ముఖం వెలిగింది. తర్వాత నెమ్మదిగా అడిగారు: "తేలిందాండీ?"

"తేలడానికేముందండీ? వదిలేసేం."

"అంటే నేను చేసేనన్నట్టా, చెయ్యలేదన్నట్టా?"

"అయ్యబాబూ, అదంతా ఎందుకండీ ఇప్పుడు! క్షమించేసేం అనుకోండి."

"చేస్తే క్షమించాలండీ" అన్నారు నాన్న. "చెయ్యకపోతే చెయ్యలేదని చెప్పాలి. ఏదీ కాకుండా ఎలా తీసుకుంటానండీ, ప్రభువు రొట్టె?"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అది మా ఇల్లు, మందిరం కాదు, నేను మాట్లాడవచ్చు. మాట్లాడాను. విచారణలో తమ్ముడు వదిలేసిన మధ్య మెట్లన్నీ ఒకటొకటిగా చెప్పాను. కాగితాల సంగతి, మార్చింది ఆయనేనన్న సంగతి, నేను చెయ్యి ఊపిన సంగతి. ఆయన చివరిదాకా విన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నిజమేనమ్మా. నాదే తొందర" అన్నారు.

"ఆ మాట సంఘంలో చెప్పండి" అన్నాను.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "ఇప్పుడా మాటంటే, ఆత్మ ఇచ్చిందని నేనన్నది ఏమవుతాదమ్మా? సంఘం నన్నేమనుకోవాలి?" అన్నారు. కర్ర ఊనుకుని లేచి వెళ్లిపోయారు.

ఆయన్ని నేను తప్పుపట్టలేకపోతున్నాను, క్షమించలేకపోతున్నాను. ఆయన ఒక మాట వెనక్కి తీసుకుంటే నాన్నకు రొట్టె దొరుకుతుంది, ఆయన మాటకు విలువ పోతుంది. అది ఆయన లెక్క. నాకు అర్థమైన లెక్కే, అందుకే ఇంత చేదు.

ఇప్పుడు ఆదివారాలు ఇలా ఉన్నాయి. పెద్దల మాట ప్రకారం నాన్న ముందు చాప మీదకు వచ్చి కూర్చుంటారు. పళ్లెం ఆయన చేతికొస్తుంది. రెండు చేతులతో పట్టుకుంటారు. పక్కవాళ్లు పళ్లెం కింద చెయ్యి అడ్డం పెడుతున్నారు. రొట్టె వైపు చూస్తారు. పెదాలు కదులుతాయి. తీసుకోరు. పక్కనున్న సహోదరుడికి అందిస్తారు. డాక్టరుగారు గుండె బలం తక్కువగా ఉందన్నారు. తర్వాత గిన్నె వస్తుంది, అదీ అలాగే.

ఇది చదువుతున్నవారిని నేనొకటి అడుగుతున్నాను. మీరు ఏ సంఘం వారైనా, ఏ పేట వారైనా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ఆ వృద్ధ సహోదరుడి నోరు తెరవమని ప్రార్థించండి. ఆయన బతికుండగానే, మా నాన్న బతికుండగానే ఆ నోరు తెరుచుకోవాలి. నా మనసులో గడ్డకట్టింది కరగాలని కూడా ప్రార్థించండి, ఎందుకంటే ఆ పళ్లెం నా వరస దాకా వచ్చినప్పుడు నేను రొట్టె తీసుకుంటున్నాను, తీసుకున్న ప్రతిసారీ అది నా నోట్లో మట్టిలా ఉంటోంది. తండ్రీ, మా నాన్న ఆకలితో నీ బల్ల ముందు కూర్చున్నాడు. నువ్వే వడ్డించు.